వీకెండ్ ఆఫ్‌రోడింగ్‌కి బండి కొంటున్నారా? షోరూమ్‌కి వెళ్లే ముందు ఈ లెక్కలు చూసుకోండి

హైదరాబాద్ నుంచి ఆదివారం పొద్దున్నే వికారాబాద్ వైపు వెళ్తే ఒకదాని వెనక ఒకటి థార్‌లు, జిమ్నీలు, మధ్యలో అక్కడక్కడ పాత జిప్సీలు కనిపిస్తాయి. తారు రోడ్డు దిగి మట్టిలో, రాళ్లలో, బురదలో బండి నడపడం ఇప్పుడు నగర యువతకు పెద్ద సరదా. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అక్కడి ఇసుక దిబ్బల్లో ల్యాండ్ క్రూజర్, పెట్రోల్ బండ్లు ఎక్కిన అనుభవం చాలామందికి ఉంటుంది. ఇక్కడ మాత్రం చాలామందికి ఈ సరదా కోసం కొనే బండే ఇంట్లో ఉండే ఏకైక కారు. సోమవారం ఆఫీసుకి, బుధవారం ఆస్పత్రికి, శుక్రవారం చుట్టాలింటికి కూడా అదే వెళ్లాలి. దాని మీద ఐదేళ్లో ఏడేళ్లో కిస్తీ కట్టాలి.

అందుకే ఏ బండి బాగా కొండ ఎక్కుతుంది అని అడిగితే సరిపోదు. నెలలో రెండు ఆదివారాల సరదా కోసం మిగతా ఇరవై ఎనిమిది రోజులు ఎంత భరించగలం అన్నదే అసలు ప్రశ్న.

ముందు నేల, తర్వాతే బండి

ఆఫ్‌రోడ్ అంటే అన్నిచోట్లా ఒకటే కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ బండలు, గులకరాళ్లు, ఎర్ర చెల్క నేలలు ఎక్కువ. ఇలాంటి చోట నేల గట్టిగా ఉంటుంది, టైరుకి పట్టు దొరుకుతుంది. కింద రాయి తగలకుండా బండి ఎత్తుగా ఉంటే సగం పని అయిపోయినట్టే.

తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడి నేలలకు వెళ్తే కథ మారిపోతుంది. ఎండాకాలంలో ఆ నేల మీద మామూలు కారు కూడా పోతుంది. ఒక్క వాన పడితే మాత్రం ఆ మట్టి జిగురులా టైరు గాడుల్లో నిండిపోతుంది, టైరు నున్నగా తయారవుతుంది. నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం పక్కకు జారుతుంది. ఇక్కడ పనిచేసేది ఇంజిన్ బలం కాదు, టైరు రకం, డ్రైవర్ ఓపిక.

బాపట్ల దగ్గర సూర్యలంక లాంటి సముద్ర తీరంలో ఇసుకది మరో పద్ధతి. ఇసుకలో బరువైన బండి త్వరగా దిగబడుతుంది, టైర్లలో గాలి తగ్గిస్తే తేలుతుంది. పైగా ఉప్పునీరు అడుగు భాగాన్ని తుప్పు పట్టిస్తుంది కాబట్టి ఇంటికొచ్చాక కింద మంచినీళ్లతో కడగాల్సిందే. ఎక్కువగా ఎక్కడికి వెళ్తారో ముందు తేల్చుకుంటే బండి ఎంపిక సగం తేలిపోతుంది.

ఫోర్ బై ఫోర్ అని రాసి ఉంటే చాలా?

షోరూమ్‌లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చూడ్డానికి ఒకేలా ఉండే బండ్లలో మూడు రకాలున్నాయి.

మొదటిది రెండు చక్రాలకే శక్తి వెళ్లేది. బండి ఎత్తుగా, మొరటుగా కనిపిస్తుంది కానీ ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలను మాత్రమే. 2023 జనవరిలో 9.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన థార్ ఈ రకమే. 2024 ఆగస్టు 15న ఐదు డోర్ల థార్ రాక్స్‌ని 12.99 లక్షల నుంచి అని ప్రకటించినప్పుడు ఆ ధర కూడా వెనక చక్రాల మోడల్‌దే. ఆ తర్వాత ప్రకటించిన ఫోర్ బై ఫోర్ రాక్స్ ధర 18.79 లక్షల దగ్గర మొదలైంది. అందులో ఇతర సౌకర్యాల తేడా కూడా ఉన్నా, మధ్య దూరం దాదాపు ఆరు లక్షలు. ప్రకటనలో చూసిన ధరకి, ఊహించుకున్న బండికి మధ్య ఇంత తేడా ఉండొచ్చని ముందే తెలిసి ఉండాలి.

రెండో రకం ఆల్ వీల్ డ్రైవ్. మారుతి గ్రాండ్ విటారాలో వచ్చిన ఆల్‌గ్రిప్ సెలెక్ట్ లాంటిది. ముందు చక్రం జారితే వెనక చక్రాలకూ శక్తి పంపుతుంది. వానలో ఘాట్ రోడ్డుకి, ఫాంహౌస్ దాకా ఉండే మట్టి రోడ్డుకి ఇది బాగా సరిపోతుంది. దీంట్లో లో రేంజ్ గేరు ఉండదు.

మూడోది అసలైన ఫోర్ బై ఫోర్. గేరు కడ్డీ పక్కన ఇంకో చిన్న కడ్డీ గానీ, ఒక నాబ్ గానీ ఉంటుంది. అందులో 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని రాసి ఉంటుంది. 2హెచ్ మామూలు రోడ్డుకి. 4హెచ్ జారే దారికి. 4ఎల్ అంటే లో రేంజ్. వేగం బాగా తగ్గించి, చక్రాలకు వెళ్లే తిప్పే బలాన్ని బాగా పెంచుతుంది. బ్రేకు, క్లచ్ కాల్చకుండా నడక వేగంతో బండరాయి ఎక్కాలన్నా, నిటారు దిగుడు నెమ్మదిగా దిగాలన్నా ఇదే కావాలి. బండి నిజంగా ఆఫ్‌రోడ్‌కి పనికొస్తుందా అని తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: లో రేంజ్ ఉందా?

ఇంకో జాగ్రత్త. ఈ రకం బండ్లను పొడిగా ఉన్న తారు రోడ్డు మీద 4హెచ్‌లో నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. పట్టు గట్టిగా ఉన్న రోడ్డు మీద ఆ తేడా గేర్ల మీద ఒత్తిడిగా పడుతుంది, భాగాలు అరిగిపోతాయి. మట్టిలో అయితే చక్రం కొంచెం జారి ఆ ఒత్తిడి తీరిపోతుంది.

డిఫరెన్షియల్ లాక్ సంగతి

ఫోర్ బై ఫోర్ ఉన్నా బండి ఇరుక్కుంటుంది. కారణం డిఫరెన్షియల్. ఒక చక్రం గాలిలో లేచినా, బురదలో పడినా శక్తి అంతా సులువుగా తిరిగే ఆ చక్రానికే పోతుంది. నేల మీద ఉన్న చక్రం కదలకుండా ఊరుకుంటుంది. లాక్ వేస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి.

గూర్ఖాలో ముందు, వెనక రెండింటికీ లాక్‌లు ఉంటాయి. థార్ పై మోడళ్లలో వెనక డిఫరెన్షియల్‌కి లాక్ ఉంటుంది. జిమ్నీలో లాక్ లేదు. జారే చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి శక్తి మళ్లించే ఎలక్ట్రానిక్ పద్ధతి ఉంది. మొదటి ఏడాది నేర్చుకునేవారికి ఈ పద్ధతి సరిపోతుంది. లోతైన గుంతల్లో ఒక చక్రం గాలిలో వేలాడే దారులకు వెళ్లేవారికి మాత్రం లాక్ ఉంటే ధైర్యం.

కాగితం మీద చూడాల్సిన కొలతలు

హార్స్‌పవర్ కంటే ముందు చూడాల్సినవి నాలుగున్నాయి. ఒకటి గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకి నేలకి మధ్య ఖాళీ. థార్‌కి 226 మిల్లీమీటర్లు, జిమ్నీకి 210. రెండోది ముందు కోణం. బంపర్ తగలకుండా ఎంత నిటారు గట్టు ఎక్కగలదో ఇది చెబుతుంది. మూడోది వెనక కోణం, గట్టు దిగేటప్పుడు తోక తగలకుండా. నాలుగోది మధ్య కోణం. గట్టు మీదకి ఎక్కాక బండి కడుపు తగిలి తక్కెడలా ఊగుతూ ఆగిపోకుండా ఉండాలంటే ఇది ఎక్కువ ఉండాలి.

మధ్య కోణం, ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని బట్టి మారుతుంది. మూడు డోర్ల థార్‌లో ఆ దూరం 2450 మిల్లీమీటర్లు, జిమ్నీలో 2590, రాక్స్‌లో 2850. అంటే రాక్స్‌లో ఇంటిల్లిపాదీ హాయిగా కూర్చోవచ్చు కానీ ఇరుకు మలుపుల్లో, ఎత్తైన గట్ల మీద చిన్న థార్ సులువుగా దాటేచోట అది ఆలోచించుకోవాల్సి వస్తుంది. ఇంటికి కావాల్సింది ఒకటి, కొండకి కావాల్సింది ఒకటి. రెండూ నూటికి నూరు శాతం ఒకే బండిలో దొరకవు.

ఏ బండి ఎవరికి?

మారుతి సుజుకి జిమ్నీ 2023 జూన్‌లో 12.74 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్, లో రేంజ్ అన్ని మోడళ్లలోనూ ఉంటుంది. బరువు దాదాపు 1200 కిలోలే. ఈ తక్కువ బరువే దాని బలం. బురదలో తక్కువ దిగబడుతుంది, ఇరుక్కున్నా నలుగురు తోస్తే కదులుతుంది. సన్నటి బండి కాబట్టి పాతబస్తీ గల్లీల్లోనూ తిరుగుతుంది. లోపాలూ ఉన్నాయి. నలుగురికే సీట్లు, వెనక సామాన్ల చోటు తక్కువ, హైవే మీద ఓవర్‌టేక్ చేయాలంటే ఇంజిన్ ఆయాసపడుతుంది.

మూడు డోర్ల మహీంద్రా థార్‌లో 2.0 లీటర్ టర్బో పెట్రోల్, 2.2 లీటర్ డీజిల్ ఇంజిన్లతో ఫోర్ బై ఫోర్ దొరుకుతుంది. బలానికి లోటు లేదు. ఆటోమేటిక్ కూడా ఉంది. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు స్టార్లు వచ్చాయి. వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటు వంచి ఎక్కాలి. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే కొనే ముందే వాళ్లను షోరూమ్‌కి తీసుకెళ్లి ఒకసారి ఎక్కించి దించి చూడటం మంచిది. ఆ ఒక్క పరీక్షతో చాలా ఇళ్లలో నిర్ణయం మారిపోతుంది.

ఫోర్స్ గూర్ఖాది వేరే దారి. మెర్సిడెస్ మూలం ఉన్న 2.6 లీటర్ డీజిల్, 2024లో 140 హార్స్‌పవర్‌కి పెంచారు. రెండు లాక్‌లు, స్నార్కెల్ కంపెనీ నుంచే వస్తాయి. ఐదు డోర్ల మోడల్‌లో ఏడుగురు కూర్చోవచ్చు. అడవి దారికి, కొండ దారికి దీనంత సిద్ధంగా వచ్చే బండి ఈ ధరల్లో అరుదు. కానీ ఆటోమేటిక్ లేదు, సిటీ ట్రాఫిక్‌లో బరువుగా అనిపిస్తుంది, సర్వీస్ సెంటర్లు మారుతి, మహీంద్రా అంత దగ్గర్లో ఉండవు. కొనే ముందు మీ ఇంటికి సర్వీస్ ఎంత దూరమో కనుక్కోవాలి.

డీజిల్ తీసుకునేవారు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రం కావాలంటే అప్పుడప్పుడు హైవే మీద కొంతసేపు ఆగకుండా నడపాలి. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిరిగే ఇంటికి పెట్రోలే నయం.

జేబు లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల జీఎస్టీ మారింది. పొడవు నాలుగు మీటర్లలోపు ఉండి, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకపోతే 18 శాతం. మిగతావాటికి 40 శాతం. జిమ్నీ పొడవు 3985 మిల్లీమీటర్లే. కానీ ఇంజిన్ 1200 సీసీ దాటింది కాబట్టి 40 శాతంలోకే వస్తుంది. ఫోర్ బై ఫోర్ థార్ కూడా అంతే. 1.5 లీటర్ డీజిల్ ఉన్న వెనక చక్రాల థార్ మాత్రం 18 శాతంలో ఉంది. చౌకగా దొరికే బండికి, కొండ ఎక్కే బండికి మధ్య తేడాలో పన్ను వాటా కూడా ఉందన్నమాట. దీనిపైన లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో ధర పెరిగేకొద్దీ శాతం కూడా పెరుగుతుంది, పేరు మీద ఇప్పటికే ఒక కారు ఉంటే రెండోదానికి అదనంగా కట్టాలి. అందుకే ఎక్స్‌షోరూమ్ ధర కాకుండా ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకుని మాట్లాడాలి.

ఇక కిస్తీ. 12 లక్షల లోన్ 9 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. ఏడేళ్లకు నెలకు సుమారు 19,300 రూపాయలు. మొత్తం వడ్డీ 4.2 లక్షల పైనే. అదే ఐదేళ్లకైతే నెలకు సుమారు 24,900, వడ్డీ 2.95 లక్షల దగ్గర ఆగుతుంది. నెలకు ఐదున్నర వేలు తగ్గుతున్నాయని ఏడేళ్లు ఎంచుకుంటే లక్షా పాతిక వేలు ఎక్కువ కట్టినట్టు. ఆ డబ్బుతో మంచి టైర్లు, రికవరీ సామాను, రెండేళ్ల సర్వీసు వచ్చేస్తాయి.

ఇంధనం సంగతీ చూడాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంట్లో లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే కారు తీసేసి 10 ఇచ్చే బండి పెట్టుకుంటే 33 లీటర్లు అదనం. లీటరు 107 రూపాయలు అనుకుంటే నెలకు మూడున్నర వేలు, ఏడాదికి 42 వేలు. కిస్తీ లెక్కలో ఇది ఎవరూ రాసుకోరు, జేబు మాత్రం ప్రతి నెలా రాస్తుంది.

మొదటి ఖర్చు టైర్ల మీద

బండి రాగానే లైట్ బార్లు, స్టిక్కర్లు, పెద్ద బంపర్లు పెట్టించడం చాలామంది చేసే పని. నిజానికి నేలను తాకేది టైరు ఒక్కటే. హెచ్‌టీ టైర్లు రోడ్డుకి, ఏటీ టైర్లు రోడ్డుకీ మట్టికీ, ఎంటీ టైర్లు బురదకి. ఎంటీ రోడ్డు మీద హోరెత్తిస్తుంది, తడి తారు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి ఏటీ చాలు. జిమ్నీ రోడ్డు టైర్లతో వస్తుంది కాబట్టి దానికి మొదటి మార్పు ఇదే కావాలి.

టైర్ల తర్వాత గాలి. మెత్తటి నేలలో, ఇసుకలో 30 పీఎస్ఐ దగ్గర ఉండే గాలిని 18 నుంచి 20కి తగ్గిస్తే టైరు వెడల్పై పట్టు పెరుగుతుంది. మళ్లీ రోడ్డెక్కే ముందు గాలి నింపాలి. తక్కువ గాలితో హైవే మీద వేగంగా వెళ్తే టైరు వేడెక్కి పగులుతుంది. అందుకే గాలి కొట్టే చిన్న కంప్రెసర్, గేజీ, పార, లాగే బెల్టు, రెండు షాకిల్స్, చేతి తొడుగులు బండిలో ఎప్పుడూ ఉండాలి. ఒంటరి బండితో మాత్రం వెళ్లకూడదు. రెండో బండి లేకపోతే మొదటి బండి ఎంత ఖరీదైనా అక్కడే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ అయితే?

ఇంట్లో మామూలు కారు ఉంచుకుని సరదా కోసం పాత జిప్సీయో, పాత థారో కొనడం తెలివైన దారే. 1985లో వచ్చిన జిప్సీ మూడు దశాబ్దాలకు పైగా ఆర్మీ, పోలీసుల సేవలో నలిగింది. తేలిక బండి, మరమ్మతు సులువు. కానీ ఎయిర్‌బ్యాగులు, సౌకర్యాలు ఆశించకూడదు.

కొనే ముందు తెలిసిన మెకానిక్‌తో బండి పైకి ఎత్తించి అడుగు చూడాలి. ఛాసిస్ మీద తుప్పు, వెల్డింగ్ అతుకులు ఉంటే వదిలేయాలి. డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం తీయించి చూస్తే అది పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం. 4ఎల్ వేసి మట్టిలో పది అడుగులు నడిపి చూడాలి. ఏళ్ల తరబడి వాడకపోతే అది పట్టేసి ఉండొచ్చు. ఆర్‌సీలో లోన్ రద్దయిందా, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు సరిపోతున్నాయా, ఇంధనం రకం అదేనా అన్నది డబ్బు ఇచ్చే ముందే చూసుకోవాలి.

ఇన్సూరెన్స్, చట్టం ఏం చెబుతున్నాయి?

మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే సాధారణంగా క్లెయిమ్ రాదు. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే లోపలికి వెళ్లిన నీరు ఇంజిన్‌ను విరిచేస్తుంది. దాన్ని ప్రమాదంగా కాకుండా తర్వాతి నష్టంగా లెక్కేస్తారు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ విడిగా తీసుకోవాలి. పోటీలు, స్పీడ్ టెస్టులు, రిలయబిలిటీ ట్రయల్స్‌లో జరిగిన నష్టానికి పాలసీ వర్తించదు. ఫీజు కట్టి ఆఫ్‌రోడ్ ఈవెంట్‌కి వెళ్లేముందు ఈ షరతు చదవాలి.

మార్పుల విషయంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కఠినంగా ఉంది. కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. బుల్ బార్లు, క్రాష్ గార్డులపై చర్య తీసుకోవాలని 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. ఇవి పాదచారులకు ప్రమాదం. బండిలోని ఎయిర్‌బ్యాగుల పనికీ అడ్డం. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

ఎక్కడ నడుపుతున్నామన్నదీ ముఖ్యమే. అమ్రాబాద్, కవ్వాల్ లాంటి టైగర్ రిజర్వుల్లోకి అనుమతి లేకుండా బండి తీసుకెళ్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది. ఎండిన చెరువు శిఖంలో ఊరి పశువులు మేస్తాయి, కొన్నిచోట్ల పంట వేస్తారు. రైతును అడగకుండా పొలం గట్టు తొక్కితే ఆ ఊళ్లోకి తర్వాత వచ్చే ఏ బండికీ దారి ఉండదు. డబ్బు తీసుకుని నడపనిచ్చే ప్రైవేటు ట్రాకులతో మొదలుపెడితే అటు చట్టం గొడవా ఉండదు, ఇటు లాగడానికి మనుషులూ ఉంటారు.

వాగు దగ్గర మాత్రం ఆగాల్సిందే

థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో, గూర్ఖా 700 మిల్లీమీటర్ల నీటిలో వెళ్లగలదని కంపెనీలు చెబుతాయి. ఈ అంకెల్ని కదలని నీటికి, నెమ్మదిగా, గట్టి అడుగు మీద వెళ్లేటప్పటికే లెక్కలోకి తీసుకోవాలి. పారే వాగుకి ఇవి వర్తించవు. ఒక అడుగు లోతు పారే నీరు చాలా కార్లను పక్కకు నెట్టగలదు, రెండు అడుగుల ప్రవాహం పెద్ద ఎస్‌యూవీలను కూడా కొట్టుకుపోయేలా చేస్తుంది. స్నార్కెల్ ఇంజిన్‌కి గాలి ఇస్తుంది, బండిని నేలకి పట్టి ఉంచదు. 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు, ఆకేరు ఎలా ఉప్పొంగాయో ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల జనం మర్చిపోలేదు. కాజ్‌వే మీద నీరు పారుతుంటే ఫోర్ బై ఫోర్ ఉన్నవాడు కూడా వెనక్కి తిరగాలి.

చివరగా తేల్చుకోవాల్సింది

ఫాంహౌస్, మట్టి రోడ్డు, ఘాట్ ప్రయాణాల దాకే అయితే ఆల్ వీల్ డ్రైవ్ లేదా ఎత్తైన మామూలు కారు చాలు, లక్షలు మిగులుతాయి. ఒకటే కారు, ఇద్దరు ముగ్గురు మనుషులు, నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంటే జిమ్నీ. హైవే ప్రయాణాలు ఎక్కువ, బలం కావాలంటే థార్. కుటుంబం పెద్దది, బడ్జెట్ ఉంది అంటే రాక్స్ ఫోర్ బై ఫోర్. కొండలే లోకం అనుకునేవారికి, సర్వీస్ దూరమైనా ఓర్చుకునేవారికి గూర్ఖా. ఇంట్లో కారు ఉండగా చేతిలో కొంత డబ్బుంటే బాగా చూసి కొన్న పాత బండి.

ఏదీ తేల్చుకోలేకపోతే దానికీ సులువైన మార్గం ఉంది. బుకింగ్ డబ్బు కట్టే ముందు తెలిసినవాళ్ల బండిలో పక్క సీట్లో కూర్చుని మూడు ఆదివారాలు వెళ్లి రావాలి, అందులో ఒకటి వాన పడిన ఆదివారం అయ్యేలా చూసుకోవాలి. నడుము నొప్పి, బురద, మధ్యాహ్నం ఎండలో గంటసేపు పారతో తవ్వడం, అన్నీ చూశాక కూడా నాలుగో ఆదివారం కోసం మనసు లాగితే అప్పుడు షోరూమ్‌కి వెళ్లొచ్చు. లాగకపోతే మిగిలేది ఏడేళ్ల కిస్తీ.